అందరికీ బాబాయే

వాషింగ్ మెషిన్లు బాగుచేసేవాళ్లలో రెండు రకాలున్నారు. మెషిన్ కనబడగానే స్క్రూడ్రైవర్ బయటికి తీసేవాళ్లు మొదటి రకం. దాదాపు అందరూ ఆ రకమే. రెండో రకంలో మన బాబాయ్ ఒక్కడే ఉన్నట్టున్నాడు. ఆయన ముందు మెషిన్‌ని ఖాళీగా తిప్పిస్తాడు, బట్టలూ నీళ్లూ ఏమీ లేకుండా. దాని నెత్తిన అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని నిలబడతాడు. ఆ సమయంలో ఎవరు పలకరించినా ఆయనకు వినపడదు. కాసేపటికి కళ్లు తెరిచి జబ్బేమిటో చెప్తాడు. చెప్పిన తరవాతే స్క్రూడ్రైవర్ తీస్తాడు. ఎప్పుడూ తప్పలేదని అనను. తప్పిన రోజున మాత్రం ఇంటికెళ్లి ముద్ద దిగక, ఇంట్లోవాళ్లకీ దిగనివ్వక, నానా హైరానా పెట్టేవాడు.

షాపంటే పెద్దగా ఊహించుకోకండి. మందుల షాపుకీ జిరాక్స్ షాపుకీ మధ్య ఇరుక్కున్న పొడుగాటి గది. గోడకి మేకులు, మేకులకి స్పానర్లు, పట్టకార్లు, నల్లటి బెల్టులు, మెషిన్ తలుపు చుట్టూ వేసే బూడిదరంగు రబ్బరు వలయాలు. నేల ఒక మూలకి వాలుగా ఉంటుంది. మెషిన్లోంచి వదిలిన నీళ్లు వాటంతటవే మోరీలోకి పోవాలని ఆయనే దగ్గరుండి సిమెంటు వేయించుకున్నాడు. లోపల అడుగుపెడితే తడి రబ్బరూ పాత సబ్బూ కలిసిన వాసన. పెళ్లికి ముందే ఆయన ఆ గదిలో చేరాడు. పెళ్లయిన కొత్తలో భార్య ఆ వాసనకి ముక్కు మూసుకునేది. రానురాను వంటింట్లో ఉండే, ఆ వాసన తగలగానే ఆయన వచ్చాడని ఇంకో పళ్లెం తీసేది.

అలాంటి షాపుకి కాలం కలిసిరాకుండా పోయింది. నాలుగు రోడ్ల కూడలిలో అద్దాల షోరూమ్ వెలిసింది. పాత మెషిన్ మా మొహాన పడేసి కొత్తది పట్టుకుపొండి అన్నారు వాళ్లు. జనం పట్టుకుపోయారు. బాబాయ్‌కి షాపులో ఈగలు తోలుకోవడమే పనైంది. అది చూసి పక్క మందుల షాపాయన, ఆ గది అద్దెకిచ్చిన ఇంటివాడి చెవిలో ఒక మాట వేశాడు, మధ్య గోడ కొట్టేస్తే తనకి విశాలంగా ఉంటుందని. ఇంటివాడు చెడ్డవాడేం కాదు.

"నిన్ను పొమ్మనడానికి నాకు నోరు రావట్లేదయ్యా. వానలు తగ్గేలోగా నీ షాపు మళ్లీ నిలబడితే నువ్వే ఉండు. లేకపోతే మాత్రం నన్నేమీ అనుకోకు" అన్నాడు.

బాబాయ్‌ది కొత్తగా ఇంకో పని నేర్చుకునే వయసు కాదు, చేతులు కట్టుకుని ఇంట్లో కూర్చునే వయసూ కాదు. ఆ గది పోతే ఏం చేస్తామని భార్య అడగలేదు. ఆయన తనని తాను కూడా అడుక్కోలేదు. అడిగితే జవాబు చెప్పాలి కదా.

ఇలాంటప్పుడు వచ్చింది ఆయన అన్న కూతురు. ఆ పిల్ల ఏదో కంపెనీలో ప్రచారం పని చూస్తుంది. కాళ్లకి చక్రాలు, నోటికి మోటారు. పిల్లలు లేని ఆ ఇంట్లో ఆమె మాటే చెల్లుబాటు.

"బాబాయ్, నీకు తెలిసిందంతా వీడియోలు తీసి పెడదాం. ఊరికే చెప్పు, ఫ్రీగా" అంది.

"ఫ్రీగా చెప్తే ఇంక నా దగ్గరికెందుకొస్తారే?"

"కిటుకంతా అక్కడే ఉంది. ముందు నిన్ను నమ్ముతారు. నమ్మితే మెషిన్ పాడైన రోజున నీ దగ్గరికే వస్తారు. ఇప్పుడు లోకమంతా ఇలాగే నడుస్తోంది."

"పేరేం పెడదామే మరి?" అంది బాబాయ్ భార్య, తన పనేదో మానేసి వచ్చి కూర్చుని.

"నేను పిలిచేదే పెడదాం పిన్నీ. రిపేరు బాబాయ్!"

ముగ్గురూ నవ్వుకున్నారు. చాలా రోజుల తరవాత ఆ ఇంట్లో ముగ్గురు కలిసి నవ్వారు కాబట్టి ఆ నవ్వుని మనం తప్పు పట్టకూడదు. కానీ కొంప మునిగింది సరిగ్గా అక్కడే. అప్పటిదాకా అందరూ ఆయన్ని మెకానిక్ గారనేవాళ్లు. మెకానిక్ గారు వచ్చి పనిచేస్తే డబ్బులివ్వాలని చంటిపిల్లలకి కూడా తెలుసు. బాబాయ్‌కి డబ్బులివ్వాలని ఎవరికి తెలుసు? బాబాయ్ వస్తే మంచినీళ్లిస్తాం, కూర్చోమంటాం, కుర్చీ లేకపోతే మంచం చూపిస్తాం. అంతే. ఈ ముక్క ఆ పూట ఆ ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు.

మొదటి వీడియో నీళ్లు బయటికి పోని మెషిన్ గురించి. అన్న కూతురు ఫోన్ పట్టుకుని, "మా బాబాయ్ చెప్తాడు, వినండి!" అని అరిచింది. ఆ తరవాత ప్రతి వీడియో ఆ అరుపుతోనే మొదలయ్యేది. బాబాయ్‌కి ఫోన్ వంక చూడాలంటే సిగ్గు. అందుకని మెషిన్ వంకే చూస్తూ, జ్వరమొచ్చిన పిల్లాడి తల్లికి చెప్పినట్టు చెప్పాడు. "భయపడకండి. ముందు ప్లగ్గు పీకండి. కింద ఈ మూల చిన్న తలుపుంది చూశారా, దీని ముందు ఒక పళ్లెం పెట్టుకోండి. మూత నెమ్మదిగా తిప్పండి, ఒక్కసారిగా లాగితే ఇల్లంతా చెరువవుతుంది." మూత వచ్చింది. దాని వెనక ఒక తల పిన్ను, చొక్కా గుండీ, జుట్టు ఉండ, ఎవరి పాపదో బొమ్మ మేజోడూ వచ్చాయి. "ఇదీ జబ్బు. దీనికి ఎవర్నీ పిలవకండి. ఎవరికీ ఏమీ ఇవ్వకండి."

ఆ చివరి మాట చెప్పమని ఆ పిల్ల చెప్పలేదు. ఆయన కడుపులోంచి దానంతటదే వచ్చింది. జనానికి నచ్చింది కూడా సరిగ్గా ఆ మాటే. ఆ వీడియో ఎక్కడెక్కడికో వెళ్లింది. "బాబాయ్, నువ్వు చల్లగా ఉండాలి" అని ఒకరు, "ఇంతకాలం మమ్మల్ని దోచుకున్నవాళ్లు ఇది చూడాలి" అని ఒకరు, "పిన్ని ఎలా ఉంది బాబాయ్" అని మొహం కూడా తెలియనివాళ్లు రాశారు. అన్న కూతురు అవన్నీ చదివి వినిపిస్తుంటే బాబాయ్ చెవులు ఎర్రబడ్డాయి. నలుగురిలో మెప్పు ఆయనెరగడు. బాగుపడిన మెషిన్‌ని ఎవరూ మెచ్చుకోరు, దాని పక్కన నిలబడినవాడిని అసలే మెచ్చుకోరు. అందుకే ఆ మెప్పు ఆయనకి బాగా ఎక్కింది.

మెషిన్ నడుస్తూ నడుస్తూ గదిలో షికారు చేస్తే కాళ్లు ఎలా సరిచెయ్యాలి, తలుపు తెరుచుకోకపోతే ఏం చెయ్యాలి, బట్టలు వాసనొస్తే ఎక్కడ తుడవాలి, వరసగా చెప్పుకుంటూ పోయాడు. ఇక ఫోన్ మోగడం మొదలైంది. షాపు కోసం కాదు, సలహా కోసం. "బాబాయ్, మాది మూలుగుతోంది, ఒకసారి విను" అని ఫోన్‌ని మెషిన్‌కి ఆనించేవాళ్లు. ఆయన ఇక్కడ కళ్లు మూసుకుని వినేవాడు. విని చెప్పేవాడు. వాళ్లు బాగుచేసుకుని, "నువ్వు దేవుడివి బాబాయ్" అని ఫోన్ పెట్టేసేవాళ్లు. దేవుడికైనా హుండీ ఉంటుంది.

ఇక్కడ ఈ పనిలో ఉన్నవాళ్లకే తెలిసిన సంగతొకటి చెప్పాలి. షాపుని బతికించేవి పెద్ద రిపేర్లు కావు. పెద్దది పాడైందంటే మెషిన్‌గలావిడ నిట్టూర్చి కొత్తది కొనుక్కుంటుంది. షాపుకి కూడు పెట్టేవి ఆ తల పిన్నులూ, గుండీలూ, వంకర కాళ్లూ. బాబాయ్ సరిగ్గా వాటినే ఒక్కొక్కటిగా తీసి ఊళ్లో పంచిపెట్టాడు. ఆయనకి ఆ సంగతి తెలియదా అంటే, తెలుసు. తెలిసి కూడా, ఎవరైనా అడిగితే నోటికి తాళం వేసుకోవడం ఆయన వల్ల కాలేదు.

షాపుకి మనిషే రాలేదని కూడా అనలేం. ఒకరోజు మధ్యాహ్నం ఒకాయన గుమ్మంలో నిలబడి ఈ చెవి నుంచి ఆ చెవి దాకా నవ్వాడు. బాబాయ్ గబగబా లేచి, స్టూలు తుడిచి వేశాడు.

"మెషిన్ బండిలో ఉందా? నేనూ ఒక చెయ్యి వేస్తా పదండి."

"మెషిన్ ఇంట్లోనే ఉంది బాబాయ్. మొన్న వీడియోలో పొడుగు పిడి స్పానర్ చూపించావే, అదొకసారి ఇస్తావేమోనని వచ్చా. మా ఇల్లు ఈ వెనక వీధే."

బాబాయ్ స్పానర్ ఇచ్చాడు. ఆయన దానితో పాటు ఒక ఫొటో కూడా తీసుకుని వెళ్లాడు. స్పానర్ తిరిగి రాలేదు. మర్నాడు ఇంకొకావిడ పట్టకారు కోసం వచ్చింది. ఆ సాయంత్రం భార్య షాపుకొచ్చి, ఖాళీ మేకులు చూసి వెళ్లిపోయింది. ఇంటికెళ్లాక అంది.

"ఏమండీ, ఊరందరికీ బాబాయ్ అయ్యారు. నాకేమవుతారో ఒక్కసారి ఆలోచించుకోండి."

కోపంగా అనలేదు. కోపంగా అనుంటే బాబాయ్‌కి తేలిగ్గా ఉండేది. ఆ మరుసటి వారం నుంచి ఆమె ఎవరింట్లోనో ముసలావిడకి తోడుగా ఉండే పనికి వెళ్లడం మొదలుపెట్టింది. పొద్దున్నే ఇద్దరూ కలిసే బయల్దేరేవాళ్లు. ఆమె పనికి, ఆయన పనిలేని చోటికి.

అన్న కూతురికి కూడా తల ప్రాణం తోకకొచ్చింది. "అంతా చెప్పెయ్యకు బాబాయ్. సగం చెప్పు. మిగతాది షాపుకొస్తే చెప్తానను. అందరూ అలాగే చేస్తారు" అని బతిమాలింది. వానలు అప్పటికే జోరు తగ్గించాయి. ఇంటివాడు ఎదురుపడితే మొహం చాటేస్తున్నాడు. సరే అన్నాడు బాబాయ్.

ఆ సగం వీడియోకి ఆయన తన దగ్గరున్న అన్నిటికంటే విలువైన జబ్బుని ఎంచుకున్నాడు. మెషిన్ వేగంగా తిరిగేటప్పుడు టక్కు టక్కుమంటుంది. అందరూ బేరింగ్ పోయిందనుకుంటారు, మారుస్తారు, మళ్లీ టక్కుమంటుంది. అసలు జబ్బు డ్రమ్ముని వెనక నుంచి పట్టుకునే మూడు కాళ్ల లోహపు ముక్కలో ఉంటుంది. మెకానిక్కులు దాన్ని స్పైడర్ అంటారు. దానిలో వెంట్రుకంత పగులొస్తుంది. అది కంటికి కనబడదు, అరచేతికే తెలుస్తుంది. ఈ విద్య ఆయనకి ఎవరూ నేర్పలేదు, ఆయన ఎవరికీ చెప్పలేదు. వీడియోలో వెనక రేకు తియ్యడం, బెల్టు తప్పించడం, డ్రమ్ము బయటికి లాగడం వరకూ చూపించి, "అసలు జబ్బేమిటో షాపుకి రండి, చెప్తాను" అని ఆపేశాడు. ఆ మాట అనేటప్పుడు మొదటిసారి ఫోన్ వంక చూశాడు. దొంగ చూపులా వచ్చిందది.

జనం ఊరుకుంటారా? "బాబాయ్ కూడా వ్యాపారస్తుడైపోయాడు" అన్నారు. "సొంత మనిషనుకున్నాం" అన్నారు. అవి ఎలాగో దిగమింగుకున్నాడు. మింగుడుపడనిది ఒక ఫోను. ఎక్కడి నుంచో ఒకావిడ ఏడుస్తూ చేసింది.

"బాబాయ్, నువ్వు చెప్పినట్టే అంతా విప్పేశాను. డ్రమ్ము నేల మీద పెట్టుకుని కూర్చున్నా. ఇప్పుడేం చెయ్యాలి? మా అత్తగారు మంచం మీదుంది, రోజుకి ఎన్ని దుప్పట్లు తడుపుతుందో తెలుసా? నీ షాపు మాకెక్కడ బాబాయ్, రాత్రంతా ప్రయాణం చెయ్యాలి. చేతులు పుళ్లుపడ్డాయి ఉతికి ఉతికి."

బాబాయ్ ఆవిడకి మొత్తం చెప్పాడు. చెప్పాక షాపులో ఒక్కడే కూర్చుని, ఇంకా ఎంతమంది ఇలా డ్రమ్ము ముందేసుకుని కూర్చున్నారోనని కుమిలిపోయాడు. మర్నాడు పొద్దున్నే అన్న కూతురికి ఫోన్ చేసి రప్పించాడు. మిగతా సగం కూడా చెప్పేశాడు. ఖాళీగా తిప్పడం, అరచెయ్యి ఆనించడం, కళ్లు మూసుకోవడం, ఒక్కొక్క చుట్టుకీ ఒక్కచోట మెషిన్ ఊపిరి బిగబట్టినట్టు చేతికెలా తెలుస్తుందో, అదీ చెప్పాడు. చెప్తున్నంతసేపూ ఆ పిల్ల ఫోన్ పట్టుకునే ఏడ్చింది. చివర్లో "ఇంక నా దగ్గర ఏమీ లేదమ్మా" అన్నాడు. ఆ ముక్క ఆమె కత్తిరించేసింది.

వానలు తగ్గాయి. ఇంటివాడు వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు, లోపలికి రాలేదు. బాబాయ్ ఆయన్ని ఇబ్బంది పెట్టకుండా తనే తాళంచెవి తీసి చేతిలో పెట్టాడు. గోడకున్న బెల్టులు, రబ్బర్లు పాత ఇనుము కొనేవాడు బండిలో వేసుకుపోయాడు. వాలుగా ఉన్న సిమెంటుని మందుల షాపాయన పగలగొట్టించి చదును చేయించాడు. ఆ పని చూడటానికి వెళ్లొద్దని భార్య చెప్పినా బాబాయ్ వెళ్లాడు. వెళ్లి రోడ్డుకి అవతల నిలబడి, సమ్మెట దెబ్బలు పూర్తయ్యేదాకా చూసి వచ్చాడు.

ఇక మిగిలింది ఒక్క గడప. ఉతికిన చొక్కా వేసుకుని, కూడలిలో అద్దాల షోరూమ్‌కి వెళ్లాడు. పని అడగడానికి. దారి పొడుగునా మాటలు కూడబలుక్కున్నాడు.

మేనేజర్ ఆయన్ని చూస్తూనే కుర్చీలోంచి లేచాడు.

"బాబాయ్! మీరా! ఏంటి ఇలా వచ్చారు?" అని లోపలికి కేకేశాడు, "అందరూ రండి, ఎవరొచ్చారో చూడండి!"

సర్వీసు వాళ్లంతా వచ్చి చుట్టూ నిలబడ్డారు. ఫొటోలు తీసుకున్నారు. ఒకతను కాళ్లకి దణ్ణం పెట్టబోయాడు. "మేమంతా మీ వీడియోలు చూసే పని నేర్చుకున్నాం బాబాయ్. కొత్తగా చేరినవాళ్లకి ముందు అవే వేసి చూపిస్తాం" అన్నాడు మేనేజర్.

బాబాయ్ కూడబలుక్కున్న మాటలన్నీ పోయాయి. "షాపు తీసేశాను. ఇక్కడేమైనా పనుంటే చేద్దామని..." అన్నాడు.

గదిలో నవ్వులు ఆగాయి. మేనేజర్ మిగతావాళ్లని వెళ్లమని సైగ చేసి, ఆయన్ని కూర్చోబెట్టి, చెయ్యి పట్టుకున్నాడు. మనిషి నిజంగానే బాధపడ్డాడు, అందులో నటన లేదు.

"ఎలా చెప్పమంటారు బాబాయ్? మీకు తెలిసిందంతా ఇప్పటికే మా దగ్గరుంది కదా. పైవాళ్లు అదే అడుగుతారు. పైగా మిమ్మల్ని పనిలో పెట్టుకుని, ఇది చెయ్యండి, ఆలస్యమైందేంటి అని నేనెలా అడగగలను? బాబాయ్‌ని అలా అంటామా ఎవరైనా?"

బాబాయ్ తలూపాడు. లేచాడు. గుమ్మం దాకా వచ్చాక మేనేజర్ కాస్త మొహమాటంగా వెనకే వచ్చాడు.

"ఎలాగూ వచ్చారు కదా బాబాయ్. ఒక మెషిన్ మమ్మల్ని చంపుకుతింటోంది. బేరింగ్ రెండుసార్లు మార్చాం. మీ చెయ్యి ఒక్కసారి పెడతారా?"

పెట్టాడు. వాళ్లు దాన్ని ఖాళీగా తిప్పారు. బాబాయ్ కళ్లు మూసుకున్నాడు. చల్లటి రేకు కింద డ్రమ్ము తిరుగుతోంది. అదిగో, ఒక్కచోట, ఊపిరి బిగబట్టింది. మళ్లీ ఆ చుట్టులో అక్కడే. ఆయనకి వెంటనే తెలిసిపోయింది. అయినా చెయ్యి తియ్యలేదు. ఎవరికీ ఏమీ దాచుకోని ఆ మనిషికి ఆ క్షణాన కడుపు మండింది. షాపు పోయింది, స్పానర్లు పోయాయి, భార్య ఎవరింట్లోనో మంచం పక్కన కూర్చుంది. ఈ ఒక్కటీ ఇవ్వను అనుకున్నాడు. ఈ ఒక్కటీ నాది.

కళ్లు తెరిచాడు.

"తెలియట్లేదు" అన్నాడు.

జీవితంలో పని గురించి ఆయన ఆడిన మొదటి అబద్ధమది. మేనేజర్ ఆయన భుజం తట్టి, "పర్లేదు బాబాయ్, పెద్దవారయ్యారు" అన్నాడు. బాబాయ్ గుమ్మం వైపు నడిచాడు. ఎందుకో కొంచెం తేలిగ్గా కూడా అనిపించింది. అద్దం తలుపు మీద చెయ్యి వేసేసరికి, సర్వీసు వాళ్లలో ఒకమ్మాయి వెనక మేనేజర్‌తో అంది.

"ఉండండి సార్, దీనికో వీడియో ఉన్నట్టు గుర్తు. వెతుకుతా."

ఆ వెంటనే అన్న కూతురి అరుపు షోరూమంతా మోగింది. "మా బాబాయ్ చెప్తాడు, వినండి!" తరవాత ఆయన గొంతు, నింపాదిగా, జ్వరమొచ్చిన పిల్లాడి తల్లికి చెప్పినట్టు. "భయపడకండి. ముందు ఖాళీగా తిప్పండి. నెత్తిన అరచెయ్యి ఆనించండి. ఇప్పుడు కళ్లు మూసుకోండి."

బాబాయ్ బయటికొచ్చేశాడు. మెట్టు మీద నిలబడి, తనకి తెలియకుండానే వెనక్కి తిరిగాడు. అద్దంలోంచి ఆ అమ్మాయి కనబడింది. మెషిన్ మీద అరచెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని నిలబడింది. మేనేజర్ ఆమెతో ఏదో అన్నాడు, ఆమెకి వినపడలేదు. కాసేపటికి కళ్లు తెరిచి, మొహం విప్పారిపోయి, వేలితో మెషిన్ వెనక వైపు, స్పైడర్ ఉండే చోటు చూపించింది. అందరూ చప్పట్లు కొట్టారు. గుమ్మం వైపు ఎవరూ చూడలేదు.